పండ్లు, ప్రార్థన, పుండు: కొర్లగుంటలో ఒక గృహసేవ కేస్

ఆయన వయసు 66, వృత్తి తాపీ మేస్త్రీ. తిరుపతిలో సగం లాడ్జీల గోడలు తన చేతి మీదుగానే లేచాయని చెప్పుకునేవారట. మెదడులో ఎడమవైపు రక్తం అందక పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. దాంతో పాటే మాట కూడా పోయింది. ఎదుటివాళ్లు చెప్పేది అర్థమవుతుంది గానీ తను చెప్పాలనుకున్నది నోటికి రాదు. ఎడమ మెదడు దెబ్బతిన్నవాళ్లలో ఇది తరచుగా చూసేదే. పైగా పదేళ్లుగా షుగర్. ఆసుపత్రి నుంచి మూత్రం గొట్టంతో ఇంటికి పంపించారు. భార్యకు 58 ఏళ్లు. ఒక్కడే కొడుకు, చెన్నైలో డెలివరీ పని, నెలకోసారి వచ్చి చూసి పోతాడు.

ఇల్లు తిరుపతి కొర్లగుంటలో, మేడ మీద రెండు గదుల పోర్షన్. ఇరుకు మెట్లు. కింద ఇంటి ఓనరు కుటుంబం ఉంటుంది. పక్క పోర్షన్‌లో గోవిందరాజస్వామి గుడి దగ్గర పూలమ్ముకునే ఆమె ఉంటుంది. ఈ కేసులో ఆమె పాత్ర చిన్నది కాదు. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

నేను నర్సుగా రిటైరయ్యాక మా చర్చి సంఘం తరఫున ఇళ్లలో మంచం పట్టినవాళ్లను చూసే జట్టును నడుపుతున్నాను. ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునే సంఘాలకు పనికొస్తుందని కుటుంబం ఒప్పుకోలుతో ఈ కేసు రాస్తున్నా. పేర్లు ఎక్కడా రాయలేదు, ఆనవాలు పట్టే వివరాలు కొన్ని మార్చాను.

మొదటిసారి చూసినప్పుడు

మేం ఈ కేసు చేతిలోకి తీసుకునేసరికి ఆయన మంచాన పడి నాలుగు నెలలు దాటింది. గదిలోకి అడుగు పెట్టగానే రెండు వాసనలు కలిసి కొట్టాయి, ఒకటి సాంబ్రాణి, రెండోది పుండు. అలమర మీద హార్లిక్స్ డబ్బాలు వరసగా ఉన్నాయి, సీలు కూడా తీయలేదు. బుట్టలో యాపిల్స్, బత్తాయిలు, అడుగువి కుళ్లిపోతున్నాయి. ఆయన యాపిల్ నమిలి మింగే స్థితిలో లేరు. నీళ్లు తాగినా పొలమారుతుంది.

పక్కకు తిప్పి చూస్తే నడుము కింద, వెన్ను చివరి ఎముక మీద పుండు. ఆరు సెంటీమీటర్ల పొడవు, ఐదు వెడల్పు, చర్మం పూర్తిగా పోయి లోపలి కొవ్వు దాకా దిగింది. అంచుల్లో పసుప్పచ్చగా చచ్చిన కండ. మా లెక్కలో మూడో దశ. కుడి మడమ మీద నల్లటి మచ్చ. పుండు మీద పౌడరు గడ్డలు కట్టి ఉంది. దాన్ని రోజూ బుస్సున నురగొచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కడుగుతున్నారు. కింద రబ్బరు రింగు. ఈ మూడూ ఎవరో ఒకరు ప్రేమగా చెప్పినవే, మూడూ పుండుకు చెడే చేస్తాయి. పౌడరు గడ్డకట్టి ఒరుసుకుంటుంది. పెరాక్సైడ్ కొత్తగా పుట్టే కండను కూడా చంపుతుంది. రింగు అంచు చుట్టూ నొక్కి, పుండుకు రావాల్సిన రక్తాన్ని ఆపేస్తుంది.

ఇంతకీ సంఘం వాళ్లు ఆయన్ని పట్టించుకోలేదా అంటే, చాలా పట్టించుకున్నారు. ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక పదిహేను ఇరవై మంది ఆ మెట్లెక్కి వచ్చేవారు. పాటలు, వాక్యం, ప్రార్థన, అందరి కళ్లలో నీళ్లు. ఆ ప్రేమ నిజమైనదే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ నర్సు కళ్లతో చూస్తే ఆ రెండు గంటల్లో జరిగేది వేరు. వచ్చినవాళ్లకు వీపు చూపించి పడుకోవడం మర్యాద కాదని, ఆయన వెనక దిండ్లు పేర్చి సగం కూర్చోబెట్టేవారు. అలా కూర్చోబెడితే మనిషి కొంచెం కొంచెంగా కిందికి జారతాడు. ఎముక కిందికి దిగుతుంది, చర్మం పక్కగుడ్డకు అంటుకుని అక్కడే ఉంటుంది. ఆ లాగుడుకు లోపలి సన్నటి రక్తనాళాలు నలిగిపోతాయి. తినేటప్పుడు తప్పిస్తే ఇలాంటి రోగికి తలవైపు 30 డిగ్రీలకు మించి ఎత్తు పెట్టకూడదు. ఇక ఆయన భార్య ఆ రెండు గంటలూ వంటగదిలోనే. అందరికీ టీ పెట్టి, వాళ్లు వెళ్లాక గ్లాసులు కడుక్కునేది.

ఏం కావాలని ఎలా అడగాలి

"మీకేం కావాలమ్మా?" అని అడిగితే ఎవరైనా చెప్పే జవాబు ఒకటే. ఆమె కూడా అదే చెప్పింది. "ఏమీ వద్దు సిస్టర్, ప్రార్థన చెయ్యండి చాలు." మొహమాటం ఒకటి, ఇంకొకరి ముందు చెయ్యి చాచినట్టవుతుందన్న బాధ ఒకటి. అందుకే మా జట్టులో ఆ ప్రశ్న అడగం. నిన్నటి రోజు గురించి అడుగుతాం. రాత్రి ఎన్నిసార్లు లేచారు? ఆఖరిసారి కాళ్లు చాపుకుని పడుకున్నదెప్పుడు? మీ బీపీ మాత్రలు ఎప్పటిదాకా వేసుకున్నారు?

అలా అడిగితే మెల్లగా బయటికొచ్చింది. రాత్రిపూట నాలుగైదుసార్లు లేస్తుంది. పక్కకు తిప్పే బలం లేక వీపు కింద దిండు దోపి వదిలేస్తుంది. బీపీ మాత్రలు అయిపోయి రెండు నెలలు, మెడికల్ షాపుకు వెళ్లే తీరిక లేదు. ఆయన పడిపోయిన దగ్గర్నుంచి గుడికి (చర్చిని మేం గుడి అనే అంటాం) వెళ్లలేదు. ప్రతి ఆదివారం గుడే తన ఇంటికి వస్తోంది కదా అని మేమందరం అనుకున్నాం. చివరగా తలొంచుకుని ఒక మాట చెప్పింది. "తలారా స్నానం చేసి ఎన్నాళ్లయిందో సిస్టర్. నీళ్లు పోసుకుంటా ఉంటే ఆయన మూలిగినట్టు వినిపిస్తాది. సబ్బుతోనే బయటికొచ్చేస్తా."

నేను రాసుకున్న కేర్ ప్లాన్‌లో మొదటి లైను పుండు గురించి కాదు. ఆమెకు రోజూ ఒక గంట, తలుపు గడియ పెట్టుకుని స్నానం చేసుకునే గంట. మంచం పట్టినవాళ్లకు పుండు పడేది సాధారణంగా చూసుకునేవాళ్లు అలిసిపోయిన ఇంట్లోనే. ఆమెను నిలబెట్టకుండా ఆయన పుండు మానదు.

పెద్దల మీటింగ్

ఆదివారం పరామర్శలు ఆపేసి, ఆ మనుషుల్నే పనికి పంచుదామని పెద్దల మీటింగ్‌లో పెట్టాను. ఒక పెద్దాయనకు నచ్చలేదు. "ప్రార్థన తగ్గించమంటున్నారా సిస్టర్?" అన్నారు. సూటి ప్రశ్నే. తగ్గించమనలేదు, ఎవరి ఇంట్లో వాళ్లు మోకాళ్లూని ఎంతసేపైనా చేసుకోమన్నాను. ఆ ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం చేతులు తెచ్చుకోమన్నాను.

లూకా సువార్త 10వ అధ్యాయంలో సమరయుడి కథ అందరికీ నోటికొచ్చు. దాన్ని వార్డులో పనిచేసినవాళ్లు చదివితే ఇంకోలా కనిపిస్తుంది. గాయాల మీద నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టాడు. తన గాడిద మీద ఎక్కించాడు. పూటకూళ్ల ఇంటికి చేర్చి ఆ రాత్రి దగ్గరుండి చూసుకున్నాడు. మర్నాడు రెండు దేనారాలు అడ్వాన్సిచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చినప్పుడు ఇస్తానన్నాడు. మొదటి డ్రెస్సింగ్, రవాణా, రాత్రి డ్యూటీ, వేరే చేతికి అప్పగింత, ఫాలోఅప్, అన్నీ ఉన్నాయి. దెబ్బలు తిన్నవాడితో అతను ఏం మాట్లాడాడో కథలో ఒక్క ముక్క లేదు. మాట్లాడింది పూటకూళ్లవాడితో, అదీ ఖర్చు సంగతి.

మా అయ్యగారు (పాస్టరు) ఇది విని కాసేపు ఊరుకుని, "మాటతోను నాలుకతోను కాక క్రియతోను సత్యముతోను" అన్న యోహాను వాక్యం మీద వచ్చే ఆదివారం ప్రసంగం అనుకున్నాను, దాని బదులు పేర్లు రాయించుకుంటాను అన్నారు. నిజంగానే రాయించుకున్నారు. మొదటి పేరు ఆయనదే, మంగళవారం పొద్దున.

మా ప్రాంతంలో రోగుల సేవ మాట ఎత్తగానే వేలూరు, ఆరోగ్యవరం అంటారు. 1900లో మిషనరీ డాక్టరు ఐడా స్కడర్ ఒక్క మంచంతో వేలూరులో మొదలుపెట్టిన ఆసుపత్రి ఇవాళ ఎంత పెద్దదయిందో, దాని క్యాంపస్ మన చిత్తూరు దగ్గర కూడా ఎలా వచ్చిందో గర్వంగా చెప్పుకుంటాం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం టీబీ శానిటోరియం 1915 నుంచి పనిచేసింది. అక్కడి మొదటి పెద్ద డాక్టరు ఫ్రిమొట్ మోలర్, డెన్మార్క్ దేశస్థుడు. నాకు ఆ కథలో ముఖ్యంగా తోచేది వేరే. టీబీకి పనికొచ్చిన మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ 1943 దాకా ఎవరూ కనిపెట్టనే లేదు. అంటే దాదాపు ముప్ఫై ఏళ్లు ఆరోగ్యవరంలో ఎక్కువగా జరిగింది పక్కలు సర్దడం, వేళకు తిండి, గాలి, విశ్రాంతి, కళ్లె పడే పాత్రలు కడగడం. ఆ పేర్లు చెప్పుకోవడం సులువు, పాత్రలు కడిగేవాళ్లే కావాలి.

పని పంచుకోవడం

మా పద్ధతి మేం కనిపెట్టింది కాదు. కేరళలో కోళికోడ్‌లో 1993లో పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ (నయం కాని రోగులకు బాధ తగ్గించే సేవా సంస్థ) మొదలయ్యాక, అక్కడ ఇరుగుపొరుగు వాళ్లకే నాలుగు పనులు నేర్పి ఇళ్లకు పంపడం అలవాటు చేశారు. నర్సు వారానికోసారి వస్తుంది, మిగతా రోజులు వీధిలోవాళ్లే. మేం తీసుకున్నది అదే.

పొద్దున ఆరుకు ఇద్దరు మగవాళ్లు: ఒళ్లు తుడవడం, డ్రెస్సింగ్, పక్క మార్చడం. ఆ గంటలోనే ఆమె స్నానం. రాత్రి తొమ్మిదిన్నరకు ఇంకో ఇద్దరు. శనివారం రాత్రి ఒకరు అక్కడే మేలుకుని ఉంటారు, ఆమె పక్క గదిలో పడుకుంటుంది, ఆదివారం పొద్దున గుడికి వెళ్తుంది. స్త్రీల సమాజానికి వంట అప్పగించలేదు. వంట ఆమె చేసుకోగలదు, అది ఆమె ఇష్టంగా చేసే పని కూడా. వాళ్లకు అప్పగించింది మందుల షాపు, రేషన్, బ్యాంకు క్యూ.

చేరినవాళ్లందరినీ గుడి వరండాలో చాప మీద కూర్చోబెట్టి నేర్పించాను. ఒకరు రోగిలా పడుకోవాలి, ఇద్దరు తిప్పాలి. పాత నేత చీర నాలుగు మడతలు పెట్టి భుజాల నుంచి తొడల దాకా మనిషి కింద పరచాలి. చెరో పక్క చీర అంచును పిడికిట్లోకి చుట్టుకుని, లెక్కపెట్టి ఒకేసారి ఎత్తి జరపాలి. మనిషిని ఈడ్చకూడదు, చంకల్లో చేతులేసి లాగకూడదు. పక్కకు తిప్పాక వీపు వెనక ఒక దిండు, మోకాళ్ల మధ్య ఒకటి, పిక్కల కింద ఒకటి. మడమ గాల్లో ఉండాలి, దేనికీ తగలకూడదు. పగలు ప్రతి రెండు గంటలకూ ఒకసారి పక్క మారాలి.

అన్నిటికంటే ముందు ఒక నియమం: ముట్టుకునే ముందు చెప్పాలి. "మేస్త్రీ గారూ, ఎడమ పక్కకు తిప్పుతున్నాం." మాట రానివాళ్ల దగ్గర మనం మాట్లాడటం మానేస్తాం, లేదా చిన్నపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడతాం. ఆయన రెండూ ఓర్చుకునేవారు కాదు. మంచి చేత్తో మంచం కోడు మీద టకటకా కొట్టేవారు.

పుండు కడగడానికి ఉప్పునీళ్లే. అర లీటరు నీళ్లు బాగా మరిగించి చల్లార్చి ఒక టీస్పూన్ ఉప్పు. ముందుగా రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో సర్జన్‌కు చూపించి చచ్చిన కండ తీయించాం, అది ఇంట్లో చేసే పని కాదు. షుగర్ మందులు డాక్టరు మార్చారు. షుగర్ దారికి రాకుండా ఎన్ని డ్రెస్సింగులు చేసినా దండగ. తిండిలో రాగి జావ, మెత్తటి పప్పన్నం, రోజుకు రెండు గుడ్లు. మాంసకృత్తులు లేకుండా కొత్త కండ రాదు. తినేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొద్దిగా దించి, చిన్న స్పూనుతో పెట్టాలి. తిన్నాక అరగంట అలాగే ఉంచి అప్పుడు పడుకోబెట్టాలి. నీళ్లు పలచగా ఉంటే పొలమారుతుంది కాబట్టి జావ కాస్త చిక్కగా.

మగవాళ్లలో పదకొండుమంది పేర్లిచ్చారు. మొదటి వారం గడిచేసరికి నలుగురు మిగిలారు. విరేచనం శుభ్రం చేయాల్సి వస్తుందని ఎవరూ ఊహించలేదు. వెళ్లిపోయినవాళ్లను నేనేమీ అనలేదు, వాళ్లకు మందుల షాపు పని ఇచ్చాను. చివరిదాకా నిలబడినవాళ్లు ఒక ఆటో డ్రైవరు, రిటైరైన బస్ కండక్టరు, డిగ్రీ రెండో సంవత్సరం పిల్లాడు, మా అయ్యగారు. ఇందులో ఇద్దరు గుడిలో ఎప్పుడూ మైకు పట్టుకోనివాళ్లు.

రసమట్టం

నెల తిరిగేసరికి మడమ మీది నలుపు తగ్గింది. నడుము కింది పుండు మాత్రం శుభ్రపడింది గానీ చిన్నది కావట్లేదు. ఎయిర్‌బెడ్ వేశాం, వేళకు తిప్పుతున్నాం, షుగర్ దారికొచ్చింది. అయినా పొద్దున వెళ్లేసరికి ఆయన మంచం కింది వైపుకు జారి ఉండేవారు. దిండు మార్చి చూశాం, ఎయిర్‌బెడ్ గాలి తగ్గించి చూశాం. జారడం ఆగలేదు.

ఆ రోజుల్లోనే ఆయన ఎడమ చేత్తో ఒకే సైగ పదే పదే చేసేవారు. అరచెయ్యి బోర్లించి, అడ్డంగా చాపి, కొంచెం వంచి, మళ్లీ నిలబెట్టి, మంచం కోడు మీద కొట్టేవారు. నొప్పి అనుకున్నాం. ఫ్యాన్ అనుకున్నాం. టీవీ అని కూడా ఎవరో అన్నారు. ప్రతి తప్పు జవాబుకూ ఆయనకు కోపం పెరిగి ముఖం ఎర్రబడేది.

డిగ్రీ పిల్లాడికి వెలిగింది. వాళ్ల నాన్నదీ కట్టుబడి పనే. "మట్టమా మేస్త్రీ?" అన్నాడు. ఆయన తల గట్టిగా ఊపి, మంచం కిందికి వేలు చూపించారు. అక్కడ ఆయన పనిముట్ల గోనెసంచి ఉంది. అందులోంచి తాపీ, గుండు, రసమట్టం (వాలు ఉందో లేదో బుడగతో చూపే పనిముట్టు) తీశారు. రసమట్టం మంచం పట్టె మీద పెడితే బుడగ సాంతం తలవైపుకు పోయి నిలిచింది. బాత్‌రూమ్ నీళ్లు బయటికి పోవడానికి ఆ గది నేలంతా వాలుగా వేశారు. మంచం కాళ్లవైపు ఆ వాలులో ఉంది. పగలూ రాత్రీ ఆయన ఆ వాలులో కొద్దికొద్దిగా జారుతూనే ఉన్నారు. మేం ఎంత తిప్పినా నడుము దగ్గర చర్మం నలుగుతూనే ఉంది.

ఆయనే దగ్గరుండి చేయించారు. కాళ్లవైపు కోళ్ల కింద చెక్కముక్కలు పెట్టి, రసమట్టం చూసి, ఆయన చెయ్యి అడ్డంగా ఊపితే ఇంకో చెక్క. బుడగ గీతల మధ్యకు వచ్చేదాకా ఒప్పుకోలేదు. ఐదు నెలలుగా ఆ గదిలోకి ఎంతోమంది నర్సులం, భక్తులం వచ్చి వెళ్లాం. నేల వాలుగా ఉందని గమనించింది మంచం మీద ఉన్న మేస్త్రీ ఒక్కరే. ఆ రోజు నుంచి ఆ పిల్లాడికి ఆయన దగ్గర ఒక హోదా వచ్చింది. వాడు డ్రెస్సింగ్ చేస్తే మూలిగేవారు కాదు.

అక్కడి నుంచి పుండు తగ్గడం మొదలైంది. రెండు వారాలకోసారి కొలిచేదాన్ని: ఐదు, నాలుగు, మూడున్నర. ఎర్రటి కొత్త కండ అడుగు నుంచి నిండుతూ వచ్చింది.

పాటల సంగతి కూడా చెప్పాలి. మాట పోయినవాళ్లలో కొందరికి పాట మిగులుతుంది, పాటకు వాడే మెదడు భాగం కొంత వేరు కాబట్టి. డ్రెస్సింగ్ చేసేటప్పుడు ఆటో డ్రైవరు పాత కీర్తన ఏదో కూనిరాగం తీస్తుంటే, ఆయన రెండు లైన్లు మాటలతో సహా పాడారు. ఆమె స్నానం మధ్యలో తలుపు తీసుకుని వచ్చేసింది. ఆ ఒక్కసారికి క్షమించాం.

కరపత్రం గొడవ

ఇంతలో ఒక తలనొప్పి. రాత్రి డ్యూటీకి కొత్తగా వచ్చిన ఒక తమ్ముడు వెళ్తూ వెళ్తూ పక్క పోర్షన్ గడపలోనూ కింద ఓనరు గుమ్మంలోనూ కరపత్రాలు పెట్టి వెళ్లాడు. పైగా మేస్త్రీని తుడుస్తుండగా ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నాడు. పొద్దున్నే ఓనరు మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. "ఇంటికి సేవకని వస్తారనుకున్నా. ఇట్లయితే నెలాఖరుకు ఖాళీ చేయండి." తిరుపతిలో ఈ విషయంలో పట్టింపు ఎక్కువ. తిరుమలలో అన్యమత ప్రచారాన్ని అడ్డుకోవడానికి 2007లో రాష్ట్రం చట్టమే తెచ్చింది. కొర్లగుంట కొండ మీద లేదు, నిజమే. కానీ ఊరి మనసు తెలియకుండా ఊళ్లో పని చేయలేం.

ఎక్కువ బాధ కలిగించింది పూలామె మాట. మేం రాకముందు నుంచీ ఆమె పూలు కట్టడం ముగించుకుని మధ్యాహ్నం రెండింటికి వచ్చి, ఆయన భార్యతో కలిసి ఆయన్ని పక్కకు తిప్పి వెళ్తోంది. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు, ఆమె చెప్పుకోలేదు. కరపత్రం చేతిలో పట్టుకుని అడిగింది: "నేను దినామూ మీ పెద్దాయన్ని ముట్టుకుని తిప్పతా ఉండా కదమ్మా, నా దేవుడేమన్నా అడ్డమొచ్చినాడా?"

నేనూ అయ్యగారూ వెళ్లి ఇద్దరికీ క్షమాపణ చెప్పాం. ఫోటో తీసేయించాం. ఆ తమ్ముణ్ని ఇళ్లకు పంపడం ఆపేశాం. ఓనరు శాంతించడానికి కొన్నాళ్లు పట్టింది. శాంతింపజేసింది మా మాటలు కాదు, పూలామె వెళ్లి చెప్పిన నాలుగు ముక్కలు.

అప్పటి నుంచి మా జట్టు నియమాలు రాతలో ఉన్నాయి. ఫోటోలు వద్దు, కరపత్రాలు వద్దు, గుడిలో ఆ ఇంటి గురించి సాక్ష్యాలు వద్దు. ప్రార్థన ఇంటివాళ్లు అడిగితేనే. చివరి నియమం మీద మా వాళ్లలో కొందరికి ఇప్పటికీ గుర్రుగా ఉంది. విశ్వాసాన్ని దాచుకోమంటున్నారా అంటారు. దాచుకోనక్కర్లేదు. మేమెవరమో, ఎక్కడి నుంచి వస్తున్నామో వీధి మొత్తానికి తెలుసు. నాకున్న కారణం ఒకటే: నచ్చకపోతే లేచి వెళ్లిపోయే వీలు మనందరికీ ఉంది, మంచంలో ఉన్నవాళ్లకు లేదు. ఒళ్లు తుడిచే చేతుల మీదే ఆధారపడినవాళ్లు ఆ చేతులు జోడిస్తే వద్దనగలరా? అలా వద్దనలేని చోట చెప్పిన మాటకు విలువ లేదు. హిందువుల ఇళ్లలో మాత్రమే కాదు, మా సంఘస్థుల ఇళ్లలోనూ ఇదే పాటిస్తాం. మేస్త్రీ గారు శనివారం రాత్రుళ్లు చేతితో సైగ చేసి అడుగుతారు, అప్పుడు చేస్తాం.

పింఛను

దీని గురించి క్లుప్తంగా. ఆయనకు వృద్ధాప్య పింఛను నెలకు 4,000 వస్తోంది. పక్షవాతంతో మంచానికే పరిమితమైనవాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసా పథకం కింద 15,000 ఉంది. దానికి ప్రభుత్వ డాక్టర్ల సర్టిఫికెట్ కావాలి, మనిషిని తీసుకెళ్లాలి. ఆ ఇరుకు మెట్ల మీద స్ట్రెచర్ తిరగదు. ఆయనతో పనిచేసిన కూలీలు నలుగురు వచ్చి ప్లాస్టిక్ కుర్చీకి రెండు వెదురు బొంగులు కట్టి దించారు, సాయంత్రం మళ్లీ ఎక్కించారు. మెట్ల మీద బరువు మోయడం వాళ్లకు కొత్త కాదు. ఆ రోజు కూలి డబ్బులు పోగొట్టుకున్నారు, ఇవ్వబోతే తీసుకోలేదు. సర్టిఫికెట్ వచ్చింది. పింఛను మార్పు వార్డు సచివాలయంలో ఇంకా పెండింగ్.

ఇప్పటి పరిస్థితి

మేం మొదలుపెట్టిన ఐదో నెల చివరికి పుండు మూసుకుంది. అక్కడి చర్మం పలచన, మళ్లీ పుండు పడటానికి ఎక్కువ సమయం పట్టదు కాబట్టి పక్క మార్చడం ఆగదు. మూత్రం గొట్టం తీసేశాం, కండోమ్ కాథెటర్ (బయటి నుంచి తొడిగేది) పెట్టాం. మధ్యలో ఒకసారి ఛాతీలో కఫం చేరి ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది, కోలుకున్నారు. నడవడం జరగదు. మాట ఇంకో నాలుగు పదాలు వచ్చాయి, అందులో ఒకటి బూతు, దాన్ని సందర్భానికి తగ్గట్టే వాడుతున్నారు.

ఖర్చు సంగతి అడిగేవాళ్ల కోసం: ఎయిర్‌బెడ్ మూడు వేల చిల్లర, డ్రెస్సింగ్ సామాను నెలకు రెండు వేల లోపు. పండ్లకు, హార్లిక్స్‌కు ముందు అయిన డబ్బు కూడితే దీనికంటే తక్కువేమీ ఉండదు. ఆ డబ్బే సంఘం సహాయ నిధిలోకి మళ్లించాం.

ఆయన భార్య బీపీ అదుపులో ఉంది. ఆదివారాలు గుడికి వస్తుంది, వెనక బెంచీలో కూర్చుంటుంది, ప్రసంగం మధ్యలో నిద్రపోతుంది. అయ్యగారు ఎవర్నీ లేపనివ్వరు. మధ్యాహ్నం రెండు గంటల పక్క మార్పు చార్టులో పూలామె పేరు మీదే ఉంది, గంగమ్మ జాతర వారం మాత్రం సెలవు అడిగింది, ఆ వారం ఆటో డ్రైవరు చూసుకున్నాడు.

ఇప్పుడు ఇబ్బంది శనివారం రాత్రి. డిగ్రీ పిల్లాడికి పరీక్షలు, కండక్టరు గారికి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేకపోతున్నారు. జీవకోనలో ఇంకో ఇల్లు కూడా మా లిస్టులోకి వచ్చింది, అక్కడ రోగి ఆడమనిషి, కాబట్టి ఆ జట్టు వేరుగా కావాలి. వచ్చే నెల నుంచి రెండు ఇళ్లకూ కలిపి రాత్రి డ్యూటీకి కనీసం ఆరుగురు ఉంటే తప్ప చార్టు నిలవదు. ప్రస్తుతం ఉన్నది ముగ్గురు.